ట్రాక్ రైడింగ్ నేర్చుకోవాలి, ముందు ఏం కొనాలి? (శ్రీకాకుళం)

నాగావళి310:
అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం. ఎనిమిది నెలల క్రితం అపాచీ ఆర్‌ఆర్ 310 బైక్ తీసుకున్నాను. ఇప్పటివరకు నడిపిందంతా హైవే మీదే, ఆదివారం పొద్దున్నే రణస్థలం దాకా ఒక రౌండు, లేదంటే కళింగపట్నం బీచ్. రెండుసార్లు ఎస్.కోట మీదుగా అరకు ఘాట్ ఎక్కాను. రెండోసారి ఒక ఎడమ మలుపులో బండి వంచి ఉండగా ఎదురుగా బస్సు కనిపించింది, కంగారులో ముందు బ్రేకు గట్టిగా పట్టేశాను, బండి నిటారుగా లేచి తిన్నగా బస్సు వైపే పోయింది. ఆ డ్రైవరు ఆపాడు కాబట్టి బతికాను. ఆ రాత్రంతా నిద్ర లేదు.

అప్పటి నుంచి ఒకటే అనుకుంటున్నాను, నేర్చుకుంటే రేస్ ట్రాక్ మీదే నేర్చుకోవాలి. చెన్నైలో ట్రాక్ రైడింగ్ నేర్పే స్కూళ్లు ఉన్నాయని తెలుసు. నా దగ్గర గాలి ఆడే మెష్ (వల గుడ్డ) రైడింగ్ జాకెట్ ఒకటి, బండితో పాటు కొన్న ఐఎస్ఐ హెల్మెట్ ఒకటి ఉన్నాయి. అరవై వేలు దాచాను. లెదర్ సూట్ కొనాలా, ఎగ్జాస్ట్ మార్చాలా, టైర్లు మార్చాలా? బండి ఇక్కడి నుంచి తోలుకుని వెళ్లడం మంచిదేనా? సూట్ ధర చెప్తే మా నాన్న "ఒక కోటుకి అన్ని డబ్బులేటిరా" అన్నారు, ఆయనకి జవాబు చెప్పలేకపోయాను.

గంటస్తంభం_రైడర్:
తమ్ముడూ, మాది విజయనగరం. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో రెండుసార్లు స్కూల్ చేశాను. 3.7 కిలోమీటర్ల ట్రాక్, 1990 నుంచి నడుస్తోంది, మనకున్న వాటిలో రైలెక్కి తేలిగ్గా చేరగలిగేది అదే. కోయంబత్తూరు కారి ట్రాక్ చిన్నది, 2.1 కిలోమీటర్లు, అదీ నేర్చుకోవడానికి బాగుంటుంది కానీ ఇంకా దూరం.

ఎగ్జాస్ట్ మాట మర్చిపో. టైర్లు బాగుంటే అవే చాలు. నీ అరవై వేలలో మొదట స్కూలు ఫీజు, బండి అద్దె, సూట్ అద్దె పక్కన పెట్టు. మొదటిసారే సూట్ కొనకు. చాలా స్కూళ్లలో అద్దెకి ఇస్తారు, కాకపోతే ముందే ఫోన్ చేసి ఎత్తు, ఛాతీ, నడుము కొలతలు చెప్పాలి. నేను చెప్పకుండా వెళ్లాను, భుజాలు బిగిసిపోయి రోజంతా చేతులు తిరగలేదు. లెదర్ సూట్ నిలబడితే ముందుకి లాగుతుంది, బండి మీద వంగి కూర్చుంటే సరిపోతుంది, అలాగే కుడతారు. నిలబడి చూసి వదులుది తీసుకోకు. లోపల పల్చటి లైక్రా సూట్ తప్పకుండా వేసుకో, లేకపోతే చెన్నై ఎండకి మధ్యాహ్నానికల్లా తోలు ఒంటికి అతుక్కుపోయి విప్పడానికి ఇద్దరు కావాలి.

కొనాల్సినవి హెల్మెట్, గ్లౌజులు, బూట్లు. ఈ మూడూ నీ కొలతకే ఉండాలి, ఒకరివి ఇంకొకరికి సరిపడవు. హెల్మెట్ ఐఎస్ఐతో పాటు ఈసీఈ 22.06 (యూరప్ హెల్మెట్ ప్రమాణం) ముద్ర ఉన్నది, గడ్డం కింద రెండు రింగుల బకిల్ ఉన్నది చూడు. 22.06లో తల ఏటవాలుగా తగిలి మెలి తిరిగే దెబ్బని కూడా పరీక్షిస్తారు, పడినప్పుడు ఎక్కువగా తగిలేది అలాగే. షాపులో పెట్టుకుని పది నిమిషాలు ఉంచు. హెల్మెట్‌ని పట్టుకుని తిప్పితే బుగ్గల చర్మం దానితో పాటే కదలాలి, నుదుటి మీద ఒకేచోట నొప్పి పుడితే ఆ మోడల్ నీ తలకి కాదు, ఎంత నచ్చినా వదిలెయ్.

గ్లౌజుల గురించి నా చెయ్యే సాక్ష్యం. రెండో స్కూల్‌లో వెనక చక్రం జారి పడ్డాను, పడగానే తెలియకుండానే అరచేతులు నేలకి ఆన్చేశాను. మణికట్టు దాటి వచ్చే నిండు గ్లౌజులు, అరచేతి మడమ దగ్గర గట్టి ప్లాస్టిక్ స్లైడరు. ఆ ప్లాస్టిక్ సగం అరిగిపోయి అంచు కత్తిలా అయింది, చిటికెన వేలు దగ్గర కుట్టు ఊడింది. లోపల నా చేతికి గీత కూడా లేదు. ఇప్పటికీ ఆ జత అల్మారాలో ఉంది. మీ నాన్నగారికి ఫోటో చూపిస్తావంటే పంపిస్తాను.

పలాస_కుర్రోడు:
అన్న చెప్పినవన్నీ ఒప్పుకుంటాను కానీ బండి విషయంలో నా మాట వేరు. అలవాటైన బండి మీద నేర్చుకుంటే ఇంటికొచ్చాక కూడా పనికొస్తుంది. నేను నాది రైల్వే పార్సిల్‌లో పంపాను. ఆర్‌సీ కాపీ, ఐడీ కాపీ ఇవ్వాలి, ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, గోనె కట్టించాలి. తొమ్మిది వందల కిలోమీటర్లు తోలుకుంటూ వెళ్తే మాత్రం అలసిపోయి ట్రాక్‌కి చేరతావు, అది వద్దే వద్దు.

సొంత బండైతే అద్దాలు తీసేయాలి, హెడ్‌లైటుకి, ఇండికేటర్లకి టేపు వెయ్యాలి, చైన్ వదులు, బ్రేక్ ప్యాడ్లు చూసుకోవాలి. కొన్నిచోట్ల రేడియేటర్‌లో కూలెంట్ తీసి నీళ్లు పొయ్యమంటారు, కూలెంట్ ట్రాక్ మీద కారితే వెనక వచ్చేవాళ్లు జారిపోతారు. ఇంకోటి, ఎవరూ ముందుగా చెప్పరు: మామూలు బండి ఇన్సూరెన్స్ రేసులకి, వేగ పరీక్షలకి వర్తించదు. పడితే ఆ ఖర్చు నీదే.

గంటస్తంభం_రైడర్:
చివరి మాట కోసమే అద్దె బండి అన్నాను తమ్ముడూ. అయినా అద్దె బండి పాడైతే ఎంత కట్టాలో కాగితం మీద చదివి సంతకం పెట్టాలి. సొంత బండి మీద కొత్తవాడు ప్రతి మలుపులోనూ ఈఎంఐ గుర్తొచ్చి బిగుసుకుపోతాడు. బిగుసుకుంటే నేర్చుకోవడం ఉండదు. రెండోసారికి తీసుకెళ్లు, నాకు అభ్యంతరం లేదు.

నాగావళి310:
అన్నా, పలాస భయ్యా, చాలా థాంక్స్. ఇంకో రెండు సందేహాలు. నా మెష్ జాకెట్‌లో వీపు భాగంలో పల్చటి స్పాంజి ఉంది, అది చాలా? అలాగే వెళ్లేలోపు ఇక్కడ ఏమైనా ప్రాక్టీసు చెయ్యొచ్చా? మా ఫ్రెండ్స్ మళ్లీ అరకు ఘాట్‌కి రమ్మంటున్నారు, మలుపులో బండి వంచి మోకాలు నేలకి ఆన్చడం నేర్పిస్తామంటున్నారు.

గంటస్తంభం_రైడర్:
స్పాంజి దెబ్బ ఆపదు. వీపుకి విడిగా సీఈ (యూరప్ భద్రతా ముద్ర) లెవల్ 2 ప్రొటెక్టర్ తీసుకో. పరీక్షలో కొట్టిన దెబ్బ నుంచి లోపలికి చేరే బలం సగటున 18 కిలోన్యూటన్లు దాటకపోతే లెవల్ 1, 9 దాటకపోతే లెవల్ 2. అంటే రెండోది సగమే వీపుకి చేరనిస్తుంది. నీ జాకెట్ కిందా వాడుకోవచ్చు, సూట్ కిందా వాడుకోవచ్చు, ఆ డబ్బు ఎక్కడికీ పోదు.

ఘాట్‌కి మాత్రం వెళ్లొద్దు. చేతులెత్తి చెప్తున్నాను. నీకు బస్సు ఎదురైంది కదా, ఈసారి గేదె ఉండొచ్చు, ఇసుక ఉండొచ్చు, రోడ్డు మధ్యలో టైరు మారుస్తున్న లారీ ఉండొచ్చు. ట్రాక్ మీద ఎదురు బండి రాదు, ముందు ఏదైనా అయితే పసుపు జెండా ఊపుతారు, పక్కన అంబులెన్స్ ఉంటుంది. మోకాలు ఆన్చడం అసలు పాఠమే కాదు, మొదటిరోజు స్కూల్‌లో దాని ఊసే ఎత్తలేదు. మాకు చెప్పింది కళ్ల గురించి. ఆ బస్సు దగ్గర నీకు జరిగింది కూడా అదే, నువ్వు బస్సుని చూశావు, బండి బస్సు వైపు వెళ్లింది. మలుపు లోపలికి రాకముందే బ్రేకు పని ముగించి, తల తిప్పి మలుపు ఎక్కడ విచ్చుకుంటోందో అటు చూస్తే చేతులు వాటంతట అవే వదులవుతాయి. ఈ ఒక్కటీ ఒంటికి పట్టడానికి నాకు పూర్తిగా ఒకరోజు పట్టింది.

ఇక్కడ చెయ్యాలంటే ఏదైనా ఖాళీ గ్రౌండు వాళ్లని అడిగి, రెండు వాటర్ బాటిళ్లు పెట్టి వాటి చుట్టూ ఎనిమిది ఆకారంలో మెల్లగా తిరుగు. వేగం ఇరవై దాటొద్దు. ఈ బాటిల్ దగ్గర ఉండగానే కళ్లు అవతలి బాటిల్ మీదుండాలి. ట్యాంకుని మోకాళ్లతో పట్టుకో, హ్యాండిల్ మీద బరువు వెయ్యకు. హెల్మెట్, జాకెట్, గ్లౌజులు, బూట్లు అన్నీ వేసుకునే చెయ్యి, ఎండలో గ్లౌజులతో క్లచ్ పట్టడం కూడా అలవాటు కావాలి.

నాగావళి310:
ఫ్రెండ్స్‌కి రానని చెప్పేశాను అన్నా. గ్లౌజుల ఫోటో పంపండి, రాత్రి నాన్నకి చూపిస్తాను. టేపుతో తల కొలిస్తే 57 సెంటీమీటర్లు వచ్చింది, వైజాగ్ వెళ్లి పెట్టుకుని చూసే కొంటాను.

గంటస్తంభం_రైడర్:
పంపించాను. కుడి చేతి గ్లౌజు చూపించు, అరిగింది అదే. వైజాగ్ వెళ్లేటప్పుడు మెసేజ్ పెట్టు, ఆదివారమైతే నేనూ వస్తాను.