ఎంపీ3 ప్లేయర్ ఛార్జ్ అవుతోంది, కానీ కంప్యూటర్‌లో కనిపించడం లేదు

అందరికీ నమస్కారం. మా అమ్మ పాడిన మంగళహారతులు, పెళ్లి పాటలు నా పాత 4 జీబీ ఎంపీ3 ప్లేయర్‌లో ఉన్నాయి. వేరే కాపీ లేదు, అదే టెన్షన్. ప్లేయర్‌లో పాటలు బాగానే మోగుతున్నాయి. విండోస్ 10 ల్యాప్‌టాప్‌కి పెడితే తెర మీద బ్యాటరీ గుర్తు నిండుతుంది తప్ప, దిస్ పీసీలో డ్రైవ్ రాదు. కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కే పనికొస్తాయి, వాటిలో డేటా తీగలు ఉండవు కాబట్టి ఫోన్ ఫొటోలు ఎక్కించే కేబుల్ కూడా పెట్టి చూశాను. ఈసారి యూఎస్‌బీ తగిలిన శబ్దం వచ్చింది. విండోస్‌లో డిస్కులన్నీ చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ప్లేయర్ ఫ్యాట్32 (ఫైళ్లు దాచే ఒక పద్ధతి) అని చూపిస్తోంది గానీ దానికి డ్రైవ్ అక్షరం (D:, E: లాంటిది) లేదు. అక్కడ రైట్ క్లిక్ చేసి అక్షరం ఇస్తే లోపలి ఫైళ్లకు ఏమైనా అవుతుందా? ఫార్మాట్ మాత్రం చెయ్యలేను. ఇలాంటిది సరిచేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.