తెరచాప ఓడల కాలంలో బ్రిటిష్ నౌకాదళ అధికారికి పదోన్నతి ఎలా దక్కేది?

ప్రశ్న (కళింగపట్నం నుంచి):
1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి అడ్మిరల్ లినువా 74 ఫిరంగుల మరెంగోతో, రెండు ఫ్రిగేట్లతో (చిన్నవైనా వేగంగా వెళ్లే యుద్ధనౌకలు) వచ్చి, విశాఖపట్నం ఎదుట లంగరు వేసి ఉన్న 50 ఫిరంగుల బ్రిటిష్ ఓడ సెంచూరియన్‌పై దాడి చేసిన సంగతిని మా పిల్లలకు చెబుతూ ఒకచోట ఆగిపోయాను. సెంచూరియన్ అసలు కెప్టెన్ అనారోగ్యంతో ఓడకు దూరంగా ఉండగా జేమ్స్ లిండ్ ఆ బాధ్యతను తాత్కాలికంగా చూస్తున్నాడు. దాడి మొదలయ్యేసరికి ఆయన కూడా ఒడ్డున ఉన్నందువల్ల, ఆయన పడవలో చేరుకునేదాకా పోరాటాన్ని నడిపింది ఒక లెఫ్టినెంటు. అలాంటి లెఫ్టినెంటు కెప్టెన్ కావడానికి ఏం కావాలి? బ్రిటిష్ పదాతి దళంలో మాదిరిగా డబ్బిచ్చి పదవి కొనుక్కునేవారా?

జవాబు (శ్రీకాకుళం నుంచి):
నౌకాదళంలో పదవిని కొనడానికి వీలు లేదండి. లెఫ్టినెంటు కావాలంటే కనీసం ఆరేళ్లు సముద్రంలో పనిచేసి, ముగ్గురు కెప్టెన్ల ముందు మౌఖిక పరీక్షలో నెగ్గాలి. గాలి మారితే తెరచాపలను ఎలా సర్దాలి, ఒడ్డుకు కొట్టుకుపోతున్న ఓడను ఎలా కాపాడాలి వంటివి అడిగేవారు. అయితే పరీక్ష నెగ్గినంత మాత్రాన ఉద్యోగం రాదు. తరువాత ప్రసిద్ధ అడ్మిరల్ అయిన నెల్సన్ కుర్రతనంలో సీహార్స్ ఓడపై మద్రాసు దాకా వచ్చి, జబ్బుపడి తిరిగి వెళ్లి, 1777లో పరీక్షకు కూర్చున్నప్పుడు పరీక్షకుల్లో ఒకరు ఆయన సొంత మేనమామ. ఆ నౌకాదళంలో ప్రతిభకూ చోటుంది, సిఫార్సుకూ చోటుంది. ఈ రెండోదాన్ని దాచిపెట్టి చరిత్ర చెప్పడం నాకు నచ్చదు.

జవాబు (విజయనగరం నుంచి, విశ్రాంత ఉద్యోగి):
శ్రీకాకుళం మాస్టారు చెప్పినదానికి కొనసాగింపుగా ఒక మాట. అసలు మలుపు పోస్ట్ కెప్టెన్ హోదా, అంటే పూర్తిస్థాయి కెప్టెన్ పదవి. అది దక్కేదాకా పలుకుబడో, గెలిచిన యుద్ధమో అవసరం. దక్కిన తరువాత మాత్రం సీనియారిటీ జాబితాయే శాసనం. పైవారు కన్నుమూసే కొద్దీ కిందివారు వరుస తప్పకుండా పైకి జరిగి అడ్మిరల్ అయ్యేవారు. ముప్ఫై ఏళ్లకు పైగా ప్రభుత్వ కొలువులో అలాంటి జాబితాలనే చూసినవాణ్ని కనుక, ఈ పద్ధతిలోని భరోసా, విసుగు రెండూ నాకు అర్థమవుతాయి. ప్రోవో వాలిస్ కథ చూడండి. 1813లో బ్రిటిష్ ఓడ షానన్ అమెరికా ఓడ చెసపీక్‌ను పట్టుకున్నప్పుడు కెప్టెన్ బ్రోక్ తీవ్రంగా గాయపడి, మొదటి లెఫ్టినెంటు మరణించగా, 22 ఏళ్ల వాలిస్ కొన్ని రోజులు ఓడను నడిపి హాలిఫాక్స్ చేర్చాడు. ఫ్రెంచి యుద్ధాల కాలంలో ఓడను నడిపినవారికి నిర్బంధ పదవీ విరమణ వర్తించదన్న నియమం తరువాత వచ్చినందువల్ల, ఆయన 1892లో నూరేళ్లు దాటి మరణించేదాకా నౌకాదళ ఉద్యోగుల జాబితాలోనే, అడ్మిరల్ ఆఫ్ ద ఫ్లీట్ హోదాలో ఉన్నాడు.

ప్రశ్న వేసినవారు:
చాలా కృతజ్ఞతలండి. మరి యుద్ధం లేనప్పుడు ఈ అధికారులంతా ఏం చేసేవారు?

జవాబు (శ్రీకాకుళం నుంచి):
సగం జీతంతో ఇంటి దగ్గర ఉండి, ఓడ ఇవ్వమని నౌకాదళ కార్యాలయానికి ఉత్తరాలు రాసేవారు. నెల్సన్ కూడా 1788 నుంచి 1793 దాకా తన స్వగ్రామం బర్న్‌హామ్ థోర్ప్‌లో అలాగే ఎదురుచూశాడు. ఫ్రాన్సుతో యుద్ధం ముంచుకొచ్చిన తరువాతే ఆయనకు 64 ఫిరంగుల అగమెమ్నాన్ దక్కింది.