లైనక్స్ ఎక్కింది, కానీ లాప్‌టాప్ ప్రతిసారీ విండోస్‌లోకే వెళ్తోంది

పాత లాప్‌టాప్‌లో విండోస్ 10 పక్కన లైనక్స్ మింట్ 22 వేశాను. ర్యామ్ 4 జీబీయే కాబట్టి ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఎంచుకున్నాను. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, యూఈఎఫ్ఐ మోడ్, జీపీటీ పార్టిషన్లు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక్క ఎర్రర్ కూడా రాలేదు.

సమస్య ఏంటంటే, ఆన్ చేయగానే ఏ సిస్టమ్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూ రాకుండా నేరుగా విండోస్ తెరుచుకుంటోంది. బూట్ మెనూ కీ నొక్కి 'ఉబుంటు' అన్నది ఎంచుకుంటే (మింట్ ఆ పేరుతోనే కనిపిస్తుంది) గ్రబ్ వస్తుంది, మింట్ చక్కగా నడుస్తుంది. అంటే ఇన్‌స్టాలేషన్ బాగానే ఉంది.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్, బయోస్‌లో (ఆన్ చేయగానే మొదట నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) సెక్యూర్ బూట్ ఆపేశాను. లైవ్ యూఎస్‌బీ నుంచి బూట్ సమస్యలు సరిచేసే బూట్ రిపేర్ టూల్ నడిపాను, మార్పు లేదు. బూట్ వరుసను మార్చే ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ కమాండ్‌తో ఉబుంటును మొదటికి తెచ్చాను. ఒక్కసారి గ్రబ్ వచ్చింది. మింట్‌లోంచే రీస్టార్ట్ చేశాను, మళ్లీ విండోస్ బూట్ మేనేజర్ పైకి వచ్చేసింది. మధ్యలో విండోస్ అసలు తెరవలేదు కాబట్టి వరుస మారుస్తున్నది బయోసే అనుకుంటున్నాను. బయోస్‌లో వరుస మార్చే ఆప్షన్ లేదు.

ఇంట్లో అందరూ వాడే మెషీన్ ఇది, ప్రతిసారీ కీ నొక్కమని వాళ్లకు చెప్పలేను. మిగిలిన దారి విండోస్‌లో బూట్ సెట్టింగ్‌లు మార్చే బీసీడీఎడిట్ కమాండ్‌తో బూట్ మేనేజర్ పాత్‌ను ఉబుంటు ఫోల్డర్‌లోని షిమ్ ఫైల్‌కి (గ్రబ్‌ను తెరిచే ఫైల్) మార్చడం. విండోస్ తెరుచుకోకుండా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఇలాంటి బయోస్ ఉన్న మెషీన్‌లో ఆ మార్పు చేసినవాళ్లు చెప్పండి: ఆ తర్వాత గ్రబ్ మెనూ నుంచి విండోస్ మామూలుగా తెరుచుకుందా?