చీటీ మీద ‘పెడల్ ఎడిమా’ అని రాశారు, ఈ మాటకి అర్థం ఏమిటి?

కృష్ణాతీరం:
అమ్మకి పది రోజులుగా సాయంత్రమయ్యేసరికి కాళ్లు వాస్తున్నాయి. చెప్పు పట్టీ అచ్చు దిగిపోతోంది. నిన్న డాక్టరుగారు చీటీ మీద ‘బైలాటరల్ పెడల్ ఎడిమా’ అని రాశారు. అది చూసి కొత్త జబ్బేదో వచ్చిందని అమ్మ రాత్రంతా నిద్రపోలేదు. వైద్యం సంగతి పరీక్షలు చూసి ఆయనే చెప్తారు. నాకు ఆ మాట సంగతి కావాలి. పెడల్ అంటే సైకిల్ పెడలేనా?

వార్డు_సిస్టర్:
రెండు పాదాలకీ నీరు దిగింది అని, అంతే. జ్వరంలాగా అది లక్షణం, జబ్బు పేరు కాదు. సన్నటి రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరి, కండ సందుల్లో నిలిచిపోతుంది. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీస్తే గుంట పడుతుంది. లోతుని బట్టి 1+ నుంచి 4+ దాకా కేస్ షీట్లో రాస్తాం. గుండె, కిడ్నీలు, లివర్, రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గడం, కడుపుతో ఉండడం, కొన్ని మందులు... దేనివల్లైనా రావచ్చు. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే మాత్రం ఇక్కడ అడుగుతూ కూర్చోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

పాతపుస్తకాల_పిచ్చి:
సైకిల్ పెడలేనండీ, నవ్వులాట కాదు! లాటిన్‌లో పాదాన్ని ‘పెస్’ అంటారు, ‘పెడ్’ దాని మూలరూపం. కాలితో తొక్కేది కాబట్టి పెడల్, కాలికొచ్చిన వాపు కాబట్టి పెడల్ ఎడిమా. మన ‘పాదం’ కూడా ఆ కుదురుదే.

ఇక ఎడిమా గ్రీకు మాట. ‘ఓయిడేమా’ అంటే వాపు. దీనికి ఒక కథ ఉంది. థీబ్స్ రాజు లాయస్‌కి కొడుకు చేతిలో చస్తావని జోస్యం చెప్పారు. అతను పసివాడి చీలమండలకి తూట్లు పొడిపించి, కొండ మీద పారేయించాడు. బిడ్డ బతికాడు. పాదాలు వాచి ఉన్నాయని పెంచినవాళ్లు ‘ఈడిపస్’ అని పేరు పెట్టారు. పేరు విరిచి చూడండి: ముందు భాగం వాపు, వెనక భాగం పాదం. మీ అమ్మగారి చీటీలో రాసిందీ అదే!

దేవరకొండ_పోరడు:
కథలు మంచిగనే ఉన్నయ్ గానీ, మా బాపు సంగతి చెప్త. బీపీకి ఆమ్లోడిపిన్ 5 నుంచి 10 చేసినంక రెండు కాళ్లు ఉబ్బినయ్. మందుల దుకాణపాయన చీటీ అడగకుండనే నీరు తీసే గోలీలిచ్చిండు. నాలుగు రోజులల్ల వాపు దిగలే, పిక్కలు పట్టేసినయ్, మనిషి నీరసమైండు. డాక్టర్ చూసి, గా బీపీ గోలీతోనే వాపొచ్చిందని దాన్ని మార్చిండు. తర్వాత మెల్లగ తగ్గింది. మీ అమ్మ ఏం గోలీలు ఏసుకుంటదో రాసుకపోయి చూపించు అన్నా. మీ అంతట మీరు మాత్రం ఏదీ బంద్ చేయకుండ్రి.

కృష్ణాతీరం:
అమ్మా బీపీ మాత్ర వేసుకుంటుంది! పేరు చూడాలి. థాంక్స్ తమ్ముడూ.

చిత్తూరు_చింతచెట్టు:
మా అవ్వ దీన్ని ‘నంజు’ అనేది. ‘మొగమంతా నంజెక్కింది’ అని. తమిళంలో నంజు అంటే విషం. ఒంట్లో విషం చేరితే ఉబ్బుతారనుకునేవాళ్లేమో. ఇది నా ఊహే, పట్టించుకోకండి.

శాస్త్రి_మనవడు:
సంస్కృతంలో శోఫ, శోథ, శ్వయథు. శ్వయథువు చికిత్సకి చరకుడు ఒక అధ్యాయమే ఇచ్చాడు. నీరు పొట్టలో చేరితే జలోదరం. హరిశ్చంద్రుడికి వచ్చింది అదే. కాటికాపరి కథ కాదు, ఐతరేయ బ్రాహ్మణంలోది. కొడుకు పుడితే నీకే బలిస్తానని వరుణుడికి మాటిచ్చాడు, పుట్టాక ఇవాళ రేపు అని దాటవేశాడు. ఆ కొడుకు రోహితుడు అడవికి పారిపోయాడు. వరుణుడు పట్టుకుంటే రాజుగారి పొట్ట ఉబ్బింది. నీళ్ల దేవుడు నీళ్ల జబ్బే ఇచ్చాడు.

పాతపుస్తకాల_పిచ్చి:
భలే! జలోదరాన్ని ఇంగ్లీషు వైద్యంలో ‘అసైటిస్’ అంటారు. గ్రీకులో ‘ఆస్కోస్’ అంటే తోలుతిత్తి. వాళ్లకి ద్రాక్షసారా పోసుకునే తిత్తి కనిపించింది, మనకి నీళ్ల పొట్ట కనిపించింది. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ‘డ్రాప్సీ’ అని ఉంటుంది. అది నీటిని చెప్పే గ్రీకు మాట ‘హైడ్రాప్స్’ అరిగి అలా అయింది. అప్పట్లో అదే ఒక జబ్బు. 1785లో విలియం విదరింగ్ అనే ఇంగ్లీషు డాక్టరు ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క ఆకుతో డ్రాప్సీ తగ్గించిన సంగతులు అచ్చువేశాడు. గుండెకి వాడే డిజిటాలిస్ మందు ఆ మొక్కలోదే.

డల్లాస్_డ్యూటీ:
నేనూ నర్సునే. ఇంగ్లండు వాళ్లు ఎడిమా మాట ముందు ‘ఓ’ అక్షరం పెడతారు, ఇక్కడ అమెరికాలో తీసేశారు. హైదరాబాదులో నేర్చుకున్న స్పెల్లింగు రాసి మొదటి వారమే సీనియర్‌తో అక్షింతలు తిన్నాను.

కృష్ణాతీరం:
అమ్మది కూడా ఆమ్లోడిపినే. పొద్దున పరీక్షలతో పాటు ఆ మాత్రల అట్ట కూడా పట్టుకెళ్తున్నాను. ఈడిపస్ కథ చెప్పాను. తన కాళ్ల సంగతి మర్చిపోయి, ‘పసిగుడ్డు కాళ్లకి తూట్లు పొడవడానికి చేతులెలా వచ్చాయిరా వాళ్లకి?’ అని ఇందాకటి నుంచి అదే మాట.