కువైట్ వెళ్ళొచ్చిన ఆడవాళ్ళ మీద రీసెర్చ్: విదేశీ ప్రొఫెసర్ కలిసి చేద్దామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

కడప_స్కాలర్:

అందరికీ నమస్కారం. నేను కడపలో సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. కువైట్‌కు ఇంటిపనికి పోయి తిరిగొచ్చిన ఆడవాళ్ళు నా టాపిక్. జీతాలు సరిగ్గా ఇచ్చారా, పాస్‌పోర్టు ఎవరి దగ్గర పెట్టుకున్నారు, వెనక్కి రావడానికి ఎన్ని తిప్పలు పడ్డారు, ఇవీ నేను అడిగేవి. రాయచోటి, రాజంపేట వైపు ఇలాంటివాళ్ళు దొరకడం కష్టమేం కాదు, నోరు విప్పించడమే కష్టం.

ఒక ఆన్‌లైన్ సెమినార్‌లో నేను మాట్లాడింది విని యూరప్ నుంచి ఒక ప్రొఫెసర్ మెయిల్ పెట్టారు. గల్ఫ్ కార్మికుల హక్కుల మీద వాళ్ళకో పెద్ద ప్రాజెక్టు ఉందట. నేను నలభై ఇంటర్వ్యూలు చేసి, ఇంగ్లీషులోకి మార్చి, ఆడియోలతో సహా పంపితే ఇంటర్వ్యూకి ఇంత అని ఇస్తారట. పేపరు వాళ్ళే రాస్తారు, కృతజ్ఞతల్లో నా పేరు వేస్తారు. మెయిల్ చాలా మర్యాదగా ఉంది. మా గైడ్ సార్‌కి చూపిస్తే "ఫారిన్ వాళ్ళు పిలవడమంటే మాటలా, ఒప్పుకో" అన్నారు. నాకు ఫెలోషిప్ లేదు కాబట్టి డబ్బు అవసరమే, అబద్ధమెందుకు.

కానీ పోయిన వారం ఒకామె ట్రంకుపెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో గడువు తీరిన కువైట్ సివిల్ ఐడీ కార్డు, పాస్‌పోర్టు లేనివాళ్ళు తిరిగి రావడానికి ఎంబసీ ఇచ్చే అవుట్‌పాస్ జిరాక్సు, ఒక క్యాలెండర్ కాగితం ఉన్నాయి. ఆమెకు చదువు రాదు. జీతం ఇచ్చిన నెలకు నిలువు గీత, ఇవ్వని నెలకు సున్నా పెట్టుకుంది. ఫోటో తీసుకుంటానంటే "తీసుకోమ్మా, ఇది పంపిస్తే ఆ జీతం వస్తాదా?" అనింది. నేను ఏం చెప్పాలి? ఆ ఫోటో ఇప్పుడు యూరప్‌లో ఎవరి కంప్యూటర్‌లోకో పోవాలా?

కొలాబరేషన్ అంటే ఇలాగే ఉంటుందా, డబ్బు నేరుగా తీసుకోవచ్చా, ఇది కాకపోతే మనలాంటివాళ్ళకు వేరే దారులేమున్నాయి, తెలిసినవాళ్ళు చెప్పండి.

అనంతపురం_మాస్టారు:

చూడమ్మా, ఇంటర్వ్యూకి ఇంత అని లెక్కగట్టి ఇచ్చేదాన్ని కూలి అంటారు. కూలి తప్పేం కాదు, కానీ దానికి కొలాబరేషన్ అని పేరు పెట్టకూడదు. నలభై మంది ఇళ్ళకు పోయి, వాళ్ళ నమ్మకం సంపాదించి, మన సీమ యాసలో వాళ్ళు చెప్పింది అర్థం చెడకుండా ఇంగ్లీషులోకి తెచ్చేదానివి నువ్వు. ఆ పనిలో సగం విశ్లేషణ అప్పటికే అయిపోయి ఉంటుంది. "మామా తిట్టింది" అని ఆమె అంటే ఆ మామా యజమానురాలని అక్కడెవరికి తెలుస్తుంది? ఇంత చేసినదానికి కృతజ్ఞతల్లో పేరు చాలదు.

అలాగని కోపంగా తిప్పి రాయొద్దు. చాలా చోట్ల వాళ్ళ అలవాటే అది, అడిగేవాళ్ళు లేక అలా నడుస్తోంది. అడిగితే మారేవాళ్ళూ ఉన్నారు. నేను చూసినంతలో మంచి ప్రొఫెసర్లు ఇలాంటి ప్రశ్నలు వస్తే సంతోషిస్తారు, సంతోషించనివాళ్ళ గురించి నీకు అక్కడే తెలిసిపోతుంది. మొదటి పేపరులో సహ రచయితగా నీ పేరు, ఆ డేటాను నీ థీసిస్‌లో ముందుగా వాడుకునే హక్కు, తెలుగు ఆడియో నీ దగ్గరే ఉండటం, ఈ మూడూ రాతలో అడుగు. మాట మీద వద్దు, మెయిల్‌లో రావాలి. ఇంకా మంచిది రెండు యూనివర్సిటీల మధ్య అవగాహన ఒప్పందం (ఎంఓయూ), కానీ మన దగ్గర ఆ ఫైలు కదిలేసరికి నీ పీహెచ్‌డీ అయిపోయి పెళ్ళయి పిల్లలు కూడా బడికి పోతుంటారు. అందుకే ముందు ఇద్దరి మధ్య ఒక పేజీ ఒప్పందం రాసుకుని, గైడ్‌తో సంతకం పెట్టించు.

ఇంకోటి, వాళ్ళ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ ఇచ్చిన అనుమతి కాపీ అడుగు. మనుషుల మీద చేసే రీసెర్చ్‌కి వాళ్ళ దగ్గర అది లేకుండా మామూలుగా అడుగు పడదు. అందులో మన ఆడవాళ్ళకు రిస్క్ ఏముందని రాశారో చదువు, నలభై ఇంటర్వ్యూలకు ఒప్పుకునే ముందే చదువు. ఇక్కడ మన ఎథిక్స్ కమిటీకి కూడా పెట్టు. "సోషియాలజీకి ఎథిక్స్ ఏంటి, అది మెడికల్ వాళ్ళది" అనేవాళ్ళు తగులుతారు. వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో ఆరోగ్యానికి సంబంధించిన సామాజిక పరిశోధనకు కూడా ఒక భాగం ఉంది, తీసి చూపించు.

కర్నూలు_లాయర్:

మాస్టారు చెప్పింది బాగుంది, డబ్బు సంగతి నేను చెప్తాను. విదేశీ డబ్బు అనగానే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం, ఎఫ్‌సీఆర్‌ఏ గుర్తు పెట్టుకోవాలి. స్కాలర్‌షిప్, స్టైపెండ్ లాంటివాటికి అందులో మినహాయింపు ఉంది. చేసిన పనికి ఫీజుగా ఇచ్చేది వేరే లెక్క, దానికి ఇన్‌కమ్ ట్యాక్స్ చూసుకోవాలి. ప్రాజెక్టు గ్రాంటు అంటే మాత్రం సొంత ఖాతాలో వేయించుకునే పని పెట్టుకోవద్దు, యూనివర్సిటీ ద్వారానే రావాలి. మీ యూనివర్సిటీ ఏ కోవలోకి వస్తుందో ఫైనాన్స్ ఆఫీసర్‌ని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. ఎవరైనా "మా ఎన్‌జీఓ ఖాతాలో వేయించు, మేం నీకిస్తాం" అంటే అస్సలు వద్దు. 2020 సవరణ తర్వాత ఒకరు తీసుకున్న విదేశీ విరాళాన్ని ఇంకొకరికి బదిలీ చేయకూడదు.

ఇక అసలు భయం వేరే ఉంది. ఈసీఆర్ (పోయే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన) పాస్‌పోర్టు మీద గల్ఫ్‌కు ఇంటిపనికి పోయే ఆడమనిషికి 30 ఏళ్ళు నిండి ఉండాలి, 2016 నుంచి ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే పోవాలి, మన రాష్ట్రంలో అది ఓంకాప్. నిజంగా ఎంతమంది అలా పోయారు? వయసు పెంచి కాగితాలు చేయించినవాళ్ళు, విజిట్ వీసా మీద పోయి అక్కడ మార్చుకున్నవాళ్ళు ఉంటారు. వాళ్ళు నిన్ను నమ్మి చెప్పిన మాట వాళ్ళ మీదే కేసు అయ్యే ప్రమాదం ఉంది. ఏజెంటు పక్క వీధిలోనే ఉంటాడు, వాడికి తెలిస్తే ఇంకో గొడవ. పేరు మార్చితే సరిపోదు, ఊరి పేరు, పోయిన సంవత్సరం, పిల్లలెందరు అని మూడు వివరాలు కలిస్తే ఆ ఊళ్ళో చిన్నపిల్లవాడు కూడా ఫలానా ఆమె అని చెప్పేస్తాడు. ఆడియో పంపొద్దు అన్నది అందుకే. గొంతు మార్చలేం కదా.

"ఆ జీతం వస్తాదా" అని ఆమె అడిగిందానికి జవాబు నిజాయితీగా చెప్పండి, రాదనే చెప్పండి. నీ రీసెర్చ్‌తో రాదు. కువైట్‌లో ఇంటిపనివాళ్ళకు 2015 నాటి 68వ నంబరు చట్టం ఉంది, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒకరోజు సెలవు, పాస్‌పోర్టు యజమాని పెట్టుకోకూడదు అని ఉంది, 2016లో కనీస జీతం 60 దినార్లు అన్నారు. కానీ ఆమె తిరిగొచ్చేశాక అక్కడి ఆఫీసుల చుట్టూ తిరిగేదెవరు? విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించొచ్చు, ఆ క్యాలెండర్ కాగితం అక్కడ పనికొస్తుంది. మానవ హక్కుల కమిషన్‌లో వేద్దామంటే 1993 చట్టం 36వ సెక్షన్ ప్రకారం జరిగి ఏడాది దాటితే వాళ్ళు విచారించరు, పైగా కువైట్ యజమాని వాళ్ళ పరిధిలో లేడు. ఇక్కడి ఏజెంటు చేసిన మోసం అయితే పోలీస్ స్టేషన్, 1983 ఎమిగ్రేషన్ చట్టం. ఏదైనా మాట ఇచ్చేముందు ఇవి తెలుసుకుని పోండి.

కమిషన్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఆ 1993 చట్టం 12వ సెక్షన్‌లో రీసెర్చ్ చేయడం, ప్రోత్సహించడం కూడా కమిషన్ పనుల్లో ఒకటిగా రాసి ఉంది. ఢిల్లీలోని జాతీయ కమిషన్ యూనివర్సిటీల నుంచి రీసెర్చ్ ప్రతిపాదనలు పిలుస్తుంది, రెండు వారాల ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్‌లు కూడా పెడుతుంది. మన రాష్ట్ర కమిషన్‌ని 2021లో హైదరాబాద్ నుంచి కర్నూలుకి తెచ్చారు, అమరావతికి మార్చే మాట కూడా నడిచింది కాబట్టి ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.

ఒక్క హెచ్చరిక. కారు మీద "హ్యూమన్ రైట్స్" స్టిక్కర్ వేసుకుని, మెడలో కార్డు తగిలించుకుని తిరిగే సంస్థలు మన వైపు చాలా ఉన్నాయి. డబ్బు కడితే జిల్లా అధ్యక్షుడిని చేస్తారు. వాళ్ళతో "కొలాబరేషన్" పెట్టుకుంటే నీ థీసిస్ గతి అంతే.

రాయచోటి_వాడు:

నేను రీసెర్చ్ వాడిని కాదు, మా అమ్మ కువైట్‌లో చాలా ఏళ్ళు చేసొచ్చింది. మా ఇంటికి టీవీ వాళ్ళు, ఎన్‌జీఓ వాళ్ళు, కాలేజీ పిల్లలు అందరూ వచ్చారు. అందరూ ఒకటే అడుగుతారు, కొట్టారా, అన్నం పెట్టారా, ఇంకేమన్నా చేశారా. మా నాన్న పక్కనే కూర్చుని ఉంటే అడుగుతారు. ఏం చెప్తుంది? "బాగానే చూసుకున్న్యారు" అంటుంది. వాళ్ళు నిరాశగా పోతారు.

మొదటిసారి పోయేటప్పుడు ఏజెంటుకి కట్టడానికి అప్పు ఎవరిచ్చారు, వడ్డీ ఎంత, పంపిన డబ్బు ఎవరి చేతికొచ్చింది, ఇల్లు ఎవరి పేరు మీద కట్టారు, ఇవి ఒక్కరూ అడగలేదు. మా ఇల్లు అమ్మ డబ్బుతోనే కట్టింది, పట్టా నాన్న పేరు మీద ఉంది. ఇది హక్కు కాదా? మీ యూరప్ ప్రొఫెసర్‌కి కావాల్సింది కఫీల్ (అక్కడి యజమాని) కొట్టిన కథలే అయితే నలభై ఇళ్ళు తిరగడం దేనికి, పేపర్లలో వచ్చినవి ఏరుకున్నా సరిపోతాయి.

ఇంకా, కారులో రావొద్దు. సచివాలయం వాళ్ళను వెంటబెట్టుకుని అసలు రావొద్దు, పింఛను పోతుందేమో అని భయపడతారు. మధ్యాహ్నం వంట అయ్యాక, మగవాళ్ళు బయటికి పోయాక రా అక్కా. ఒకసారికి చెప్పరు.

హైదరాబాద్_పోస్ట్‌డాక్:

పై తమ్ముడు చెప్పిన అప్పు, వడ్డీ, పట్టా ప్రశ్నలే నీ థీసిస్‌కి ప్రాణం, ఆ ప్రొఫెసర్‌కి కూడా ఇదే రాయి. నీ ప్రశ్నలు అతని ప్రశ్నావళిలోకి ఎక్కితేనే అది కలిసి చేసే పని అవుతుంది.

వేరే దారులంటావా, ముందు దగ్గరివి చూడు. హైదరాబాద్ యూనివర్సిటీలో ప్రవాస భారతీయుల మీద ఒక సెంటర్ 1996 నుంచి ఉంది. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ వాళ్ళు 1998లో కేరళ వలస సర్వే మొదలుపెట్టారు, ఇంటింటికీ పోయి ఎవరు పోయారు, ఎంత పంపారు, ఎందుకు తిరిగొచ్చారు అని. వాళ్ళ ప్రశ్నావళి ముందు పెట్టుకుని కడపకి తగ్గట్టు మార్చుకుంటే నీ పని సగం తేలికవుతుంది, పోల్చడానికీ వీలుంటుంది. యూరప్ వాళ్ళకు రాసే ముందు కేరళ వాళ్ళకు ఒక మెయిల్ పెట్టు, వాళ్ళకు కడప గురించి తెలుసుకోవాలనే ఉంటుంది.

డబ్బుకి సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి ఐసీఎస్‌ఎస్‌ఆర్ డాక్టోరల్ ఫెలోషిప్ నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచు. బయటికి పోవాలని ఉంటే ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఉంది, ఇక్కడ పీహెచ్‌డీ రిజిస్టర్ అయినవాళ్ళకే, ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికాలో ఉండొచ్చు. దానికి అక్కడి ప్రొఫెసర్ నుంచి లెటర్ ఉంటే బలం, అందుకోసమైనా ఇలాంటి పరిచయాలు చెడగొట్టుకోకూడదు.

యూజీసీ నెట్ పరీక్ష రాయకపోతే రాయి, సోషియాలజీతో పాటు "మానవ హక్కులు, విధులు" అని వేరే సబ్జెక్టే ఉంది, చాలామందికి తెలీదు. పేపర్ల కోసం మాత్రం తొందరపడొద్దు. డబ్బు కడితే వారంలో వేస్తామనే జర్నళ్ళ మెయిల్స్ నీకు రోజూ వస్తుంటాయి, డిలీట్ కొట్టు. 2022 యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీకి పేపరు తప్పనిసరి అన్నది తీసేశారు, యూజీసీ గుర్తించిన జర్నళ్ళ కేర్ లిస్టు కూడా 2025లో ఆపేశారు. మీ యూనివర్సిటీ సొంత రూలు ఏమందో అది ఒక్కటి చూసుకో.

కడప_స్కాలర్:

అందరికీ చాలా థ్యాంక్స్. రాయచోటి తమ్ముడూ, పట్టా ఎవరి పేరు మీద అన్న ప్రశ్న ఇవాళే కలిపాను. మీ అమ్మగారు ఒప్పుకుంటే వస్తా, లేకపోయినా పర్వాలేదు.

ప్రొఫెసర్‌కి ఇలా రాస్తున్నా, తప్పులుంటే చెప్పండి. నలభై కాదు, పదిహేను ఇంటర్వ్యూలతో మొదలుపెడదాం. ఆడియోలు, ఫోటోలు నా దగ్గరే ఉంటాయి, వీలైతే పేర్లు, ఊర్లు తీసేసిన ఇంగ్లీషు పాఠం మాత్రమే పంపుతాను. మొదటి పేపరు ఇద్దరం కలిసి రాద్దాం, ప్రశ్నల్లో నావీ ఉండాలి. మీ ఎథిక్స్ అనుమతి కాపీ పంపండి. డబ్బు ఎలా పంపాలన్నది మా ఫైనాన్స్ ఆఫీసర్ లెటర్ వచ్చాక మాట్లాడుకుందాం. తెలుగులో ఒక చిన్న రిపోర్టు ఆ ఆడవాళ్ళకు చదివి వినిపించే ఖర్చు కూడా బడ్జెట్‌లో పెట్టండి.

అనంతపురం_మాస్టారు:

బాగుంది. గైడ్‌కి కాపీ పెట్టు, తర్వాత నాకు తెలీదనకుండా.

కర్నూలు_లాయర్:

ఆడియోల లైన్‌లో "వీలైతే" అన్న మాట తీసేయండి. మిగతాది పంపొచ్చు.