ఫిజీ పార్లమెంటులో తెలుగు మూలాలున్న సభ్యులెవరు?

నమస్కారమండీ. 1970లో ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి అక్కడి పార్లమెంటుకు ఎన్నికైన తెలుగు మూలాల సభ్యుల జాబితా తయారు చేస్తున్నాను. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల్లో కూలికి వెళ్లిన మనవాళ్ల వారసులు ఆ సభలో ఎంతమంది కూర్చున్నారో రాసిపెట్టాలని నా కోరిక.

జైరామ్ రెడ్డి ప్రతిపక్ష నాయకుడిగా, మహేంద్ర రెడ్డి విద్యామంత్రిగా చేశారు. మిగతావాళ్ల దగ్గరే చిక్కు. నాయుడు అని ఉంటే తెలుగువారో తమిళులో పేరు చూసి చెప్పలేం. పైగా 2014 నుంచి దేశమంతా ఒకే నియోజకవర్గం, బ్యాలెట్ మీద అభ్యర్థుల పేర్లు కూడా ఉండవు, అంకెలే. అందుకని ఫలానా ఊరి సభ్యుడు అని పట్టుకునే వీలు లేదు.

2022లో గెలిచిన 55 మందిలో మనవాళ్లున్నారా? సువా, నాండి, లౌటోకాల్లో బంధువులున్నవారు దయచేసి కనుక్కుని చెప్పగలరా? 1987 సైనిక తిరుగుబాట్లకు ముందు సభ్యుల వివరాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పినా చాలు.