దాళ్వా వంతు: ఎగువకీ శివారుకీ సమాన రోజులిస్తే న్యాయం జరిగినట్టేనా?

శివారు రైతు:
గోదాట్లో నీళ్లు తగ్గి, పైన సీలేరు రిజర్వాయర్ల నుంచి వదిలే నీళ్ల మీద ఆధారపడ్డ ఏడాది దాళ్వాకి, అంటే రెండో పంటకి, వంతు తప్పదు: కాలువ నీళ్లు తలా కొన్ని రోజులు చొప్పున పంచుకోవాల్సిందే. దానికి నేనేమీ అడ్డు చెప్పను. నా గొడవల్లా రోజుల లెక్కతోనే. లాకుల దగ్గర తలుపు ఎత్తిన రోజు నుంచి లెక్క మొదలవుద్ది. ఆ నీరు కాలువ చివరనున్న మా ఉప్పలగుప్తం, కాట్రేనికోన దాకా దిగేసరికి మా వంతులో సగం కాలువలోనే అయిపోద్ది. శివారు తూము దగ్గర నీరు అందిన గంట నుంచి మా వంతు లెక్కపెట్టాలి. ముందు శివారు తడిశాకే పై తూములు తెరవాలి.

ఆత్రేయపురం అబ్బాయి:
ఎగువనున్నంత మాత్రాన మేమేమన్నా దొంగలమా అన్నా? తూము మా చేలకి దగ్గరగా ఉండడం మా తప్పా? అందరికీ అవే రోజులు, అంతకంటే న్యాయం ఏముంటది? మీ కోసం తూము మూసి, పొట్ట మీదున్న మా చేను ఎండితే ఎవరిస్తారు?

డ్రిల్లు మాస్టారు:
400 మీటర్ల పరుగులో అందరినీ ఒకే గీత మీద నిలబెడితే బయటి లేన్ వాడు ఎక్కువ దూరం పరిగెత్తాలి. అందుకే ఒలింపిక్స్‌లోనైనా వాణ్ణి ముందుకి నిలబెడతారు. ‘వాడు ముందున్నాడేంటండీ’ అని ఏటా కొత్త పిల్లలు అడుగుతారు. రోజులు సమానం చేస్తే నీళ్లు సమానం కావు బాబూ.

లంక కుర్రోడు:
ఆయ్, ఏటా ఉన్న గొడవే కదండీ. ఇంతకీ సీలేరు నీళ్లు వదిలారా?

క్రికెట్ పిచ్చోడు:
1947లో సిడ్నీలో బంతి వెయ్యకముందే అవతలి ఎండ్‌లో క్రీజు దాటిన ఆస్ట్రేలియా బ్యాటర్ బిల్ బ్రౌన్‌ని మన బౌలర్ వినూ మన్కడ్ రనౌట్ చేస్తే, ఆ తరవాత అలాంటి ఔట్‌కి ఆయన పేరే తిట్టులా వాడారు. 2022లో నిబంధనలు మార్చి దాన్ని ‘అన్యాయమైన ఆట’ విభాగంలోంచి తీసి మామూలు రనౌట్లలో కలిపారు. రూల్లో ఉన్నది చేస్తే తప్పెలా అవుద్ది? ఎగువోళ్లూ అంతే.

కౌలు రైతు:
ఆ రూలు రాసేటప్పుడు మేం ఉన్నామా తమ్ముడూ? 1997 చట్టంతో నీటి సంఘాలొచ్చాయి, 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలూ జరిగాయి. రికార్డులో పేరుంటే కౌలుదారుకీ చోటుంది. నోటిమాట మీద కౌలు చేసేవాడికి? మా వైపు చేలో దిగేది ఎక్కువ మంది వాళ్లే. ఓటు మాత్రం ఊళ్లో లేని భూస్వామిది.

ఆత్రేయపురం అబ్బాయి:
మాస్టారూ, లేన్ల దగ్గర టేపు పెట్టి కొలుస్తారు. ఇక్కడ శివారుకి నీరందిందని ఎవరు చెప్పాలి? అన్ని తూముల మీదా కాపలాకి లస్కర్లేరీ? పైగా శివారులో చేపల చెరువుల వాళ్లు ఇంజన్లు పెట్టి తోడేస్తుంటే మీరు చెప్పే ఆ ‘అందిన గంట’ ఎప్పటికీ రాదు.

శివారు రైతు:
చెరువుల మాట కాదనను. కానీ రాత్రిపూట కాలువ గట్టు మీద ఇంజన్లు మీ వైపూ ఉన్నాయి. శివారు తూము దగ్గర కొలబద్ద పాతి, మీ ఊరోడొకడు, మా ఊరోడొకడు రోజూ ఫొటో తీసి గ్రూపులో పెడితే లస్కరుతో పనేముంది?

ఆత్రేయపురం అబ్బాయి:
ఫొటోకి మేం రెడీ. ముందు మీ చెరువుల ఇంజన్లు తీయించండి, తరవాత మా తూముల సంగతి మాట్లాడదాం.

శివారు రైతు:
అదే మాట మీ గట్టు మీద ఇంజన్లకీ వర్తిస్తే, రేపే వస్తా.